డ్రైవర్ ఫిట్‌నెస్ కోసం హన్మకొండల రెండు చోట్లకు పోయినం: ఒకదానికి ఒక్క స్టార్, ఇంకోదానికి నాలుగు

స్కూల్ బస్సులు నడిపించేటోళ్ళకు, ట్రావెల్స్ ఉన్నోళ్ళకు పనికొస్తదని రాస్తున్న. మాకు రెండు స్కూల్ బస్సులు, ఒక వింగర్ ఉన్నయి. మా ఆయన మస్కట్‌ల ఉంటడు. డీజిల్ కాడి నుంచి ఆర్టీఏ దాక బండ్ల సంగతి మొత్తం నేనే చూసుకుంట.

ఈ రివ్యూ రెండు చోట్ల గురించి. ఒకటి, ఆర్టీఏ ఆఫీసు బయట లైసెన్స్‌లకు మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చే క్లినిక్. ఇంకోటి, హన్మకొండల ఒక సైకియాట్రిస్ట్ మేడం క్లినిక్. రెండిటి పేర్లూ రాయను. మొదటిదాని పేరు రాస్తే ఇంటి మీదికి కొట్లాటకొస్తరు. రెండోదాని పేరు రాస్తే మా డ్రైవర్ ఎవరో గల్లీ మొత్తానికి తెలిసిపోతది. ఆయన్ని అడిగినంకనే రాస్తున్న. "రాయి వదినా, పదిమందికి పనికొస్తది. పేరు, ఊరు మాత్రం పెట్టకు" అన్నడు.

ముందుగాల సంగతి చెప్పాలె. 2024 ఫిబ్రవరి మేడారం జాతర. జాతరంటే మా అసోంటోళ్ళకు సీజన్, ములుగు రోడ్డు మీద బండి చక్రం ఆగదు. వింగర్ మీదున్న మా డ్రైవర్ జాతరల కంటి నిండ నిద్రపోలే. అది అందరి కథనే. కానీ జాతర అయిపోయి అమ్మవార్లు వనం చేరినంక కూడ ఆయన పడుకోలే, పైగా అలసట అన్నదే లేదు. అర్ధరాత్రి ఫోన్ చేసి ఇంకో మూడు బండ్లు తీసుకుందాం వదినా, ఫైనాన్స్‌ మాట్లాడిన అంటడు. మాట మీద మాట, ఆగడు. తాగుతున్నడేమో అన్నరు మా వాళ్ళు. ఆయన చుక్క ముట్టడు.

ఆ రాత్రి ఏం చెయ్యాల్నో తెల్వక 14416కు చేసిన. టెలి మానస్ అంటరు, మనసు బాగలేనోళ్ళ కోసం గవర్నమెంటు పెట్టిన ఫోన్ లైన్, 2022 అక్టోబర్ల పెట్టిన్రు, రాత్రి పగలు లేదు, పైసలు లేవు, తెలుగుల మాట్లాడుతరు. దాని మీద విడిగ రివ్యూ రాయొచ్చు, ఇక్కడ ఒక్క ముక్క చాలు. నేను ఏడ్చుకుంట ఏదేదో చెప్తుంటే అవతలామె మొదట అడిగింది, "బండి తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గరున్నదమ్మా?" అని. తెల్లారి ఆయన తమ్ముళ్ళు ఆసుపత్రిల చేర్పించిన్రు. బైపోలార్ అన్నరు, అంటే మనసు ఒకసారి మితిమీరి ఎగిసి, ఇంకోసారి కుంగిపోయే జబ్బు. ఇప్పుడు వచ్చింది ఆ ఎగిసే దశ, మేనియా అన్నరు. నిద్ర లేకపోవుడు దాన్ని ఎగదోస్తదని అప్పుడే తెలిసింది.

ఇగ రివ్యూ.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే ఆయన ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ గడువు అయిపోవస్తున్నది. మోటార్ వాహనాల చట్టానికి 2019ల చేసిన సవరణ కాడి నుంచి ఇది ఐదేండ్లకోసారి, అంతకుముందు మూడేండ్లకే ఉండె. నిజానికి గడువు దాటినంక కూడ ఏడాది లోపట రెన్యువల్ చేసుకోవచ్చు, బండి మాత్రం ముట్టద్దు. నేను ఆగుదామన్న. ఆయన వినలే. "అది కూడ పోతే నేనెందుకు వదినా" అంటే ఇగ కాదనలేకపోయిన.

ఆర్టీఏ బయట ఆ క్లినిక్ అంటే ఒక షట్టర్. అర్ర సగానికి పరద, పరద వెనక డాక్టరు. గోడకు కండ్ల చార్ట్, అది ఎండకు పసుపు పచ్చగయ్యింది. రంగుల చుక్కల మధ్య అంకెలుండే పుస్తకం ఒకటి ఉంటది కదా, అది తీసి ఒక్కటే పేజీ చూపిస్తడు. పరద పక్కకు తీసే ఉంటది కాబట్టి లైన్ల నిలబడ్డోళ్ళందరికీ ముందున్నోడు చెప్పే జవాబు వినపడ్తది. మావోడి వంతు వచ్చేసరికి "పన్నెండు" అని నాకూ నోటికొచ్చింది.

అంతకన్న ముందు బయట టేబుల్ కాడ ఒక పిల్లగాడు ఫారం నింపుతడు. ఫారం 1 అంటే మనం మన ఆరోగ్యం గురించి రాసిచ్చే డిక్లరేషన్. మూర్ఛ ఉన్నదా, కండ్లు తిరిగి పడిపోతరా, ఇరవై అయిదు మీటర్ల నుంచి నంబర్ ప్లేటు కనపడ్తదా, ఎరుపు ఆకుపచ్చ తెలుస్తయా, రేచీకటి ఉన్నదా, చెవులు వినపడ్తయా, ఇట్ల. ఆఖరున ఒకటుంటది: నువ్వు బండి నడిపితే జనానికి ప్రమాదమయ్యే వేరే జబ్బు ఏమన్న ఉన్నదా, ఉంటే వివరాలు రాయి అని. అసలు ప్రశ్న అదే. పిల్లగాడు ఏ ప్రశ్నా అడగకుండ, ఎక్కడెక్కడ ఏం పెడితే ఫారం పాసైతదో అక్కడక్కడ టిక్కులు కొట్టుకుంట పోయి సంతకం పెట్టమన్నడు.

మావోడి చెయ్యి వణుకుతున్నది. ఈ జబ్బుకు ఆయన వాడే గోలీ లిథియం, అది మొదలు పెట్టినప్పుడు శానమందికి సన్న వణుకు వస్తదట. సంతకం వంకరపోయింది. పిల్లగాడు చూసి, "పెన్ను మంచిగ లేదా అన్నా?" అని ఇంకో పెన్ను ఇచ్చిండు.

లోపల డాక్టరు ఫారం 1ఏ మీద సంతకం చేసిండు. అది డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్. దాంట్ల ఉన్నయి కండ్లు, రంగులు, చెవులు, రేచీకటి, కాళ్ళు చేతుల లోపాలు. బ్లడ్ గ్రూప్ ఇష్టముంటే రాయొచ్చు. నిద్ర ఎట్లున్నది, ఏం గోలీలు వాడుతున్నవు అన్న మాట ఆ కాగితంల లేదు, డాక్టరు నోట్ల కూడ రాలే. చెయ్యి పట్టుకొని చూస్తే వణుకన్న తెలుస్తుండె, అదీ చూడలే. ఫారంల లేనిది నేనెట్ల అడుగుతనమ్మా అంటడేమో. కానీ ఆ ఫారం మీద స్వయంగ పరీక్ష చేసిన, చేతులు కాళ్ళు ప్రత్యేకంగ చూసిన అని రాసి ఉన్నది, దాని కిందనే ఆయన సంతకం.

ఒక్క స్టార్ ఎందుకిచ్చిన్నంటే, పని తొందరగ అయితది, రేటు ముందే చెప్తరు, ఎక్కువ గుంజరు. అంతే.

మా మరిది వకీలు దగ్గర గుమాస్తా. ఆయన చెప్పింది ఇక్కడ రాస్త, డ్రైవర్లకు తెలిసుండాలె. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 186 కింద, తన జబ్బు వల్ల జనానికి ప్రమాదమని తెలిసీ బండి నడిపితే మొదటిసారి వెయ్యి, మళ్ళా దొరికితే రెండు వేల జుర్మానా. సెక్షన్ 16 కింద, జబ్బు వల్ల నడపలేడని నమ్మేటందుకు కారణముంటే ఆర్టీఏ వాళ్ళు ఎప్పుడన్న మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనొచ్చు, లైసెన్స్ రద్దు కూడ చెయ్యొచ్చు. అట్ల చేస్తే కారణం రాసియ్యాలె, ముప్పై దినాలల్ల అప్పీలు ఉంటది. ఇంత ఉన్నది చట్టంల. పరద వెనక మాత్రం పన్నెండు అంకె ఒక్కటే ఉన్నది.

స్కూల్ బస్సుల సంగతి ఇంకా విచిత్రం. బస్సు ఫిట్‌నెస్ మే 15తోని అయిపోతది, బడులు తెరిచేలోపు మళ్ళా చేయించాలె. బ్రేకులు, టైర్లు, ఎమర్జెన్సీ డోర్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మంటలార్పే సిలిండర్, అన్నీ చూస్తరు, చూడాలె కూడ. డ్రైవర్‌కైతే అరవై ఏండ్లు దాటొద్దు, అయిదేండ్ల అనుభవం ఉండాలె, ఆరోగ్య పట్టిక పెట్టాలె, మూడు నెలలకోసారి మన ఖర్చుతోని బీపీ, షుగర్, కండ్లు చూపియ్యాలె. మంచి రూలే. మా బస్సుల పట్టికలు నేనే రాస్త. నిద్రకు మాత్రం ఆ పట్టికల గడి లేదు.

లైసెన్స్ చేతికొచ్చింది. ఆయన సంతోషంగ తాళంచెవి అడిగిండు. నేనియ్యలే. మా ఇంట్ల కూడ "గవర్నమెంటే ఫిట్ అన్నది, నీకేంది" అన్నరు. పిల్లల బస్సు నాది, పొద్దుగాల ఆరున్నరకు బండి ఎక్కే పిల్లల అమ్మలు ఫోన్ చేసేది నాకు. అందుకే రెండో చోటికి పోయినం.

మేడం క్లినిక్ సందుల ఉంటది. పోయినంక మొదటి మాటకే నాకు కోపమొచ్చింది. "మీరు బయట కూర్చోండమ్మా" అన్నరు. ఫీజు కట్టింది నేను, జీతమిచ్చేది నేను. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పేషెంట్ సంగతి ఆయన ఒప్పుకోకుండ ఇంకొకరికి చెప్పొద్దట. ఆయనను ఒక్కణ్ణే శానసేపు చూసినంక నన్ను పిలిచిన్రు, నా ముందే ఆయన్ని అడిగిన్రు, "ఈమెకు ఏమేం చెప్పమంటవు?" అని. జబ్బు పేరు నాకు ముందే తెలుసు కాబట్టి దాపరికం లేకుండె, కానీ ఆయనతోని చెప్పించి రాయించుకున్నరు. పద్ధతి మంచిదే. యజమానికి కూడ ఒక కుర్చీ మొదటి నుంచే వెయ్యాలన్నది మాత్రం నా మాట. ఎందుకంటే తాళంచెవి ఇచ్చేది మేమే.

పరీక్ష ఎట్ల చేసిన్రో ఆయన చెప్పిండు, కొంత నేను చూసిన. రెండు చేతులు ముందుకు చాపి, వేళ్ళ మీద ఒక తెల్ల కాగితం పెట్టిన్రు. వణుకుంటే కాగితం అంచు చప్పుడు చేస్తది. కాగితం మీద గిర్రున చుట్టలు చుట్టలుగ గీత గియ్యమన్నరు. మడమకు వేళ్ళు ఆనిచ్చి అర్ర ఆ చివర దాక నడవమన్నరు. తరువాత డ్యూటీ గురించి అడిగిన్రు. ఈ అడుగుడు కోసమే నాలుగు స్టార్లు. పొద్దున ఎన్నింటికి లేస్తవు, ఎన్నింటికి బండి తీస్తవు, మధ్యల ఎక్కడ పడుకుంటవు, నీళ్ళు ఎన్ని తాగుతవు, మూత్రం ఆపుకోవాల్సొస్తదని నీళ్ళు తాగుడు తగ్గిస్తవా, నడుం నొప్పికి ఏం గోలీ వేసుకుంటవు.

ఆఖరిదానికి మావోడు జేబుల నుంచి డైక్లోఫెనాక్ పట్టీ తీసిండు. డ్రైవర్లందరి జేబుల ఉండేదే అది. మేడం పట్టీ చేతిలకు తీసుకొని టేబుల్ సొరుగుల ఏసిన్రు. లిథియం వాడేటోళ్ళు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అసోంటివి వేసుకుంటే రక్తంల లిథియం పెరిగిపోతదట. చెమట పట్టి నీళ్ళు తగ్గినా పెరుగుతది, ఉప్పు ఒక్కసారిగ మానేసినా పెరుగుతది, కొన్ని బీపీ గోలీలతోనూ పెరుగుతది. పెరిగితే వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు పెద్దగయ్యుడు, తూలుడు, మాట ముద్దగ వచ్చుడు. మన వరంగల్ మే నెల, ఇంజన్ పక్కన సీటు, నీళ్ళు తాగని డ్రైవర్, జేబుల నొప్పి గోలీ. అన్నీ ఒక్క మనిషిలనే ఉన్నయి. మరీ నొప్పుంటే పారాసెటమాల్, అదీ అడిగి వేసుకో అన్నరు. వాంతులు, తూలుడు ఇట్లాంటివి అయితే బండి పక్కకు ఆపి ఫోన్ చెయ్యి, ఆ పూట లిథియం వేసుకోకు అని కూడ చెప్పిన్రు.

ఇంకోటి రాత్రి గోలీ. ఓలాంజపిన్ వేసుకుంటే నిద్ర మంచిగ పడ్తది, కానీ పొద్దున దాక మబ్బు ఉండొచ్చు. ఆయన రాత్రి పదకొండు దాటినంక వేసుకుంటున్నడు, టీవీ చూసి. పొద్దున ఆరున్నర బస్సుకు అది కుదరది. తొమ్మిదింటికల్లా వేసుకోవాలె, తినంగనే పడుకోవాలె, కొన్ని వారాలు పొద్దున ఎట్లున్నదో రాసుకోవాలె. వాళ్ళింటామె గోడ క్యాలెండర్ల తిథుల పక్కన పెన్సిల్‌తోని రాసింది: ఎన్నింటికి పడుకున్నడు, ఎన్నింటికి లేచిండు, లేచినంక మంచిగున్నడా మబ్బుగున్నడా. ఏకాదశి పక్కన "4 గం. నిద్ర, పాటలు పాడిండు" అని ఉన్నది ఒకచోట. మేడం ఆ క్యాలెండర్ మొత్తం తిరగేసి ఆ గడి కాడ ఆగిన్రు, ఆ దినం ఏమైందో అడిగిన్రు. మేనల్లుడి పెండ్లి బరాత్. అది సరే, దాని తెల్లారి ఎంతసేపు పడుకున్నవు అన్నరు. తొమ్మిది గంటలని రాసి ఉన్నది. తల ఊపిన్రు.

జలుబుకు సెట్రిజిన్, దగ్గు మందు కూడ రాత్రి గోలీతోని కలిసి మత్తు పెంచుతయని చెప్పిన్రు. ఇది జబ్బు లేని డ్రైవర్లు కూడ గుర్తు పెట్టుకోవాలె.

అసలు ప్రశ్న, బండి ఎప్పుడియ్యాలె? మేడం మాట ఇది. మన ఫారాలల్ల నెలల లెక్క లేదు. ఇంగ్లండ్‌ల ఉన్నది: మేనియా వచ్చినోళ్ళు మంచిగైనంక సొంత కారు నడపాలంటే కనీసం మూడు నెలలు నిలకడగ ఉండాలె, బస్సు, లారీకైతే పన్నెండు నెలలు. "మీవి పిల్లల బస్సులు. నేను ఆ పెద్ద లెక్కనే పట్టుకుంట" అన్నరు. మావోడి మొఖం మాడిపోయింది. ఏడాది అంటే ఇల్లెట్ల గడుస్తది? అది మేడం చెప్పలేరు గదా, నేను చెప్పాల్సి వచ్చింది. డీజిల్ లెక్కలు, టైర్లు, సర్వీసింగ్, స్కూల్ వాళ్ళ దగ్గర వసూళ్ళు ఆయనకిచ్చిన. జీతం తగ్గించిన, అబద్ధమెందుకు. వాళ్ళింటామె బీడీల పని మళ్ళా మొదలు పెట్టింది.

ఇక్కడే మా తమ్ముడు అన్నడు, ఆర్టీసీల అయితే ఇట్లుండదు అని. నిజమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 ప్రకారం ప్రభుత్వ సంస్థల ఉద్యోగంల ఉండంగ వైకల్యం వస్తే తీసెయ్యొద్దు, అదే జీతంతోని వేరే పని చూపియ్యాలె. 2025 ఆగస్టుల సుప్రీంకోర్టు కూడ, రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన మన ఆర్టీసీ డ్రైవర్‌కు వేరే ఉద్యోగం ఇయ్యమన్నది. ప్రైవేటు డ్రైవర్‌కు అసోంటి ఆసరా ఏదీ లేదు. అందుకే వాళ్ళు ఫారంల చివరి ప్రశ్నకు లేదనే టిక్కు కొట్టిస్తరు. వాళ్ళను తప్పు పట్టలేను.

మేడం ఇచ్చిన లెటర్ గురించి చెప్పాలె, ఇదే మీకు కావాల్సింది. దాంట్ల జబ్బు పేరు లేదు. చికిత్సల ఉన్నడు, క్రమంగ చూపించుకుంటున్నడు, ఈ తారీఖు నాటికి నిలకడగ ఉన్నడు అని ఉన్నది. ఫలానా నెల దాక ప్రయాణికుల బండి వద్దు. రాత్రి పదింటి నుంచి పొద్దున అయిదింటి దాక డ్యూటీ ఎప్పటికీ వద్దు. గోలీ మారినా డోసు మారినా మళ్ళా చూసేదాక స్టీరింగ్ వద్దు. ఖాళీ బండిని పగటిపూట సర్వీసుకు తీసుకపోవుడు, అది కూడ ఇంకో డ్రైవర్ పక్కనుంటేనే, ఆరు నెలల తరువాత. ఇట్ల ముక్క ముక్కగ రాస్తే నాకు పని సులువయ్యింది. "ఫిట్" అన్న ఒక్క మాటతోని నేనేం చేసుకోవాలె?

స్కూల్ కరస్పాండెంట్ సారుకు డ్రైవర్ ఒప్పుకున్నంకనే చెప్పినం. ఆయన మొదట అన్న మాట ఇక్కడ రాయను. భయం ఉండుడు న్యాయమే, బస్సు నిండ పిల్లలు. మా మరిది 2017 చట్టం కాగితం చూపించిండు: ఎప్పుడో చికిత్స తీసుకున్నడన్న ఒక్క కారణంతోని ఇప్పుడు జబ్బున్నదని తేల్చొద్దని ఉన్నది. సారు దానికి తగ్గలే, లెటర్ చదివి తగ్గిండు. నెలకో లెటర్ కావాలన్నడు. మేడం ఒప్పుకోలే. "ఎట్లాగూ మూడు నెలలకోసారి బీపీ, షుగర్ చూపిస్తరు కదా, అప్పుడే నా దగ్గరికి పంపండి" అన్నరు. ఇప్పుడు మా ఆరోగ్య పట్టికల నేను స్కేలు పెట్టి ఒక గడి ఎక్కువ గీసిన, నిద్ర అని. ముగ్గురు డ్రైవర్లకూ. మిగిలిన ఇద్దరు గొణిగిన్రు.

2025 జూన్ల బడులు తెరిచినప్పటి నుంచి ఆయన మళ్ళా స్కూల్ బస్సు మీదున్నడు. 2026 జనవరి జాతరకు పగటి ట్రిప్పులే ఇచ్చిన. రాత్రి ట్రిప్పులకు బయటి డ్రైవర్‌ను పెట్టుకుంటే లాభంల కొంత పోయింది.

ఒక్క స్టార్ ఎందుకు కట్ చేసిన్నంటే రిసెప్షన్. లోపల అంత గుట్టు, బయట మాత్రం ఆ పిల్ల హాలు మధ్యల నిలబడి "లిథియం టెస్ట్ ఎవరిదండీ?" అని కేకేస్తది. అందరు తలకాయలు తిప్పి చూస్తరు. రెండుసార్లు మేడంతోని చెప్పిన, ఇప్పుడు టోకెన్ నంబర్ పిలుస్తున్నది, కానీ మర్చిపోయినప్పుడు మళ్ళా అదే కేక. టోకెన్ తీసుకున్నా మనం ఆగుడు మాత్రం తప్పదు, సోమవారం అసలే పోవద్దు.

పోయేటోళ్ళు తీసుకపోవాల్సినయి: ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం (అడిగితే ఇయ్యాలె, అది పేషెంట్ హక్కు), వాడుతున్న గోలీల పట్టీలు అన్నీ, నొప్పి గోలీలు, దగ్గు మందు, ఆయుర్వేదం గీయుర్వేదంతో సహా, లైసెన్స్ జిరాక్స్, డ్యూటీ టైములు రాసిన కాగితం. లిథియం రక్త పరీక్ష ముందురోజు రాత్రి గోలీ వేసుకున్న పన్నెండు గంటలకు ఇయ్యాలె, పొద్దున గోలీ రక్తం ఇచ్చినంకనే. దాంతోని పాటు కిడ్నీ, థైరాయిడ్ కూడ ఆరు నెలలకోసారి చూస్తరు. కన్సల్టేషన్ అయిదు వందలు, లెటర్‌కు వేరే పైసలు తీసుకోలే. సందుల వింగర్ తిరగది, మెయిన్ రోడ్డు మీదనే పెట్టుకొని నడవాలె.